సాలు పడకముందే చక్రం కొలవండి

చాంద్రాయణగుట్ట చౌరస్తాలో శ్రీశైలం రోడ్డు పట్టుకుని బార్కస్, పహాడీషరీఫ్, తుక్కుగూడ దాటితే కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి వరసగా వస్తాయి. అక్కడ ఎర్ర చెలకలున్నాయి, నల్లరేగళ్లూ ఉన్నాయి. వానాకాలంలో పత్తి, మొక్కజొన్న, కంది వేస్తారు. ఆ ఊళ్లలో తాతలనాటి మూడెకరాలో ఐదెకరాలో ఉండి, బతుకుదెరువు కోసం చాంద్రాయణగుట్ట, బండ్లగూడ, ఉప్పుగూడ వైపు వచ్చి స్థిరపడ్డవాళ్లు ఉన్నారు. వారంలో ఆరు రోజులు ఇక్కడ డ్యూటీయో దుకాణమో, ఆదివారం అక్కడ పొలం. మిగతా సేద్యమంతా ఫోన్లోనే నడుస్తుంది. ఈ అధ్యాయం ముందుగా వాళ్ల కోసం రాస్తున్నాను. సొంత ట్రాక్టరు ఉన్నవాళ్లకీ ఇందులో పని ఉంది.

పట్నంలో ఉండి సేద్యం చేసేవాళ్లకు ఒక చిక్కుంది. పని జరిగేటప్పుడు వాళ్లు చేను గట్టు మీద ఉండరు. కాబట్టి పని మొదలుకాకముందే సరైన మాట అడగడం వాళ్లకు తెలిసి ఉండాలి. ట్రాక్టరు కిరాయికి మాట్లాడేటప్పుడు ఫోన్లో నడిచే సంభాషణ మామూలుగా ఇలా ఉంటుంది.

“తమ్మీ, రేపు బండి ఖాళీ ఉందా?”

“ఉంది అన్నా.”

“గంటకెంత తీసుకుంటున్నవ్?”

“ఊరందరికీ ఎంతనో నీకూ అంతే.”

“సరే, పొద్దుగాల్నే పెట్టు. నేను ఆదివారం వస్త.”

రోజు కుదిరింది, రేటు కుదిరింది. చక్రాల మధ్య వెడల్పు ఎంతో మాత్రం ఎవరూ అడగలేదు. అడగకుండా వదిలేసిన ఆ మాట నెల తిరిగేసరికి చేలో కనబడుతుంది. పత్తి మోకాలెత్తుకు వస్తుంది. వాన వెలిసి పదును చిక్కుతుంది. గడ్డి కమ్ముకొస్తోంది కాబట్టి గుంటుక తోలడానికి అదే బండి చేలోకి దిగుతుంది. డ్రైవరు ఎడమ చక్రాన్ని సాళ్ల నడిమికి సరిగ్గా పెడితే కుడి చక్రం మొక్కల మీదికి ఎక్కుతుంది. కుడిది సరిచేస్తే ఎడమది ఎక్కుతుంది. రెండింటికీ మధ్యస్థంగా నడిపితే రెండువైపులా కొమ్మలు రాసుకుంటాయి. ఆదివారం వచ్చి చూసిన యజమాని డ్రైవర్ని తిడతాడు. ఆ తిట్లు చాలాసార్లు అన్యాయం. ఆ వెడల్పుతో ఆ సాళ్లలో ఎంత చేయి తిరిగినవాడు నడిపినా జరిగేది అదే.

ఇక్కడ మార్చుకోవలసింది ఒక అలవాటు. పనిలో నష్టం వచ్చాక మనిషిని వెతికే అలవాటు మానేసి, పనికి ముందు కొలతను వెతికే అలవాటు చేసుకోవాలి. సేద్యంలో ఈ అలవాటు నేర్చుకోవడానికి చక్రాల వెడల్పును మించిన పాఠం లేదనే నా నమ్మకం. ఎందుకంటే ఇందులో ఊహలకు చోటు లేదు. టేపు పెడితే జవాబు వచ్చేస్తుంది.

టేపు చెప్పే లెక్క

చక్రాల వెడల్పు అంటే ఎడమ టైరు నడిమి నుంచి కుడి టైరు నడిమి వరకు ఉన్న దూరం. టైరు నడిమి భాగం ఎక్కడో కంటితో గుర్తుపట్టడం కష్టం. దానికో సులువుంది. బండి వెనక నిలబడి ఎడమ టైరు ఎడమ అంచు నుంచి కుడి టైరు ఎడమ అంచు వరకు కొలవండి. రెండు టైర్లూ ఒకే సైజువైతే ఆ దూరమే అసలు వెడల్పు. ఒక మనిషి టేపు కొస పట్టుకుంటే రెండు నిమిషాల పని.

ఇప్పుడు పత్తి తీసుకోండి. సాలుకు సాలుకు 90 సెంటీమీటర్లు, మన వాడుకలో మూడడుగులు. వెనక టైరు 13.6-28 సైజు అనుకుందాం. 13.6 అనేది అంగుళాల్లో టైరు వెడల్పు, అంటే సుమారు 34 సెంటీమీటర్లు. బండి కడుపు కింద రెండు సాళ్లు పోతాయి. బండి నడిమి గీత నుంచి చూస్తే ఆ రెండు సాళ్లూ చెరో 45 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. వాటి అవతలి సాళ్లు చెరో 135 సెంటీమీటర్లలో ఉంటాయి. చక్రం ఈ రెంటికీ సరిగ్గా నడుమ, అంటే 90 దగ్గర నడవాలి. ఎడమ 90, కుడి 90 కలిపితే 180. పత్తికి కావలసిన వెడల్పు అదే.

బండి మాత్రం 142 సెంటీమీటర్ల మీద ఉందనుకోండి. అంటే 56 అంగుళాలు. అప్పుడు ఒక్కో చక్రం నడిమి భాగం 71 దగ్గర పడుతుంది. టైరు లోపలి అంచు 54 దగ్గర ఉంటుంది. మొక్క కాండం 45 దగ్గర. మధ్యలో మిగిలింది 9 సెంటీమీటర్లు, జానెడులో సగం కూడా లేదు. నెల దాటిన పత్తి మొక్క కొమ్మలు అంతకంటే దూరం చాచుకుని ఉంటాయి. ఒక చక్రాన్ని సాళ్ల నడిమికి జరిపితే రెండో చక్రం 35 నుంచి 69 వరకు తొక్కుతుంది, కాండం సరిగ్గా దాని కిందే ఉంటుంది. 90×60 దూరంలో ఎకరానికి సుమారు 7,500 మొక్కలు పడతాయి. ప్రతి దఫా రెండు సాళ్లలో ఒకటి చక్రం కిందికి వస్తే అందులో సగానికి దెబ్బ. అదే బండిని 183 సెంటీమీటర్లకు, అంటే 72 అంగుళాలకు మార్చితే టైరుకు లోపలివైపు 29, బయటివైపు 26 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. డ్రైవరు చేయి కాస్త వణికినా మొక్కకు తగలదు.

ఈ లెక్కను గుర్తుపెట్టుకోవడం తేలిక. సాళ్ల మధ్య దూరాన్ని, బండి కడుపు కింద పోయే సాళ్ల సంఖ్యతో గుణించండి. ఆ వచ్చిన అంకె మీద చక్రాలు ఉండాలి.

180 అనే అంకెకు ఒక గొప్పతనం ఉంది. 90 సెంటీమీటర్ల పత్తికి రెండు సాళ్లు, 60 సెంటీమీటర్ల మొక్కజొన్నకు మూడు సాళ్లు, 45 సెంటీమీటర్ల జొన్నకు, సోయాకు నాలుగు సాళ్లు దాని కింద సరిపోతాయి. అయితే సాలు ఇరుకైనకొద్దీ టైరుకు చోటు తగ్గిపోతుంది. మొక్కజొన్నలో అదే 13.6 టైరుకు అటూ ఇటూ మిగిలేది పన్నెండు, పద్నాలుగు సెంటీమీటర్లు. పైరు లేతగా ఉన్నప్పుడు ఒక దఫా పాటు, అంటే అంతరకృషి, చేసుకోవడానికి చాలు, ఆ తర్వాత చాలదు. 45 సెంటీమీటర్ల సాళ్లలో ఐదారు సెంటీమీటర్లే మిగులుతాయి. అక్కడ వెడల్పు సరిపోయినా టైరు సరిపోదు. సన్న టైర్లు వేసుకోవాలి, లేదా ఆ పైరుకు ట్రాక్టరుతో అంతరకృషి ఆలోచన మానుకోవాలి. ఒత్తుగా వేసే వేరుశనగ సంగతి చెప్పనే అక్కర్లేదు.

కందిని 150 సెంటీమీటర్ల సాళ్లలో వేసేవాళ్లకు 152 మీద, అంటే 60 అంగుళాల మీద బండి పెట్టుకుంటే ఒక సాలు కడుపు కింద హాయిగా పోతుంది. ఈమధ్య అధిక సాంద్రత పత్తి అని 80 సెంటీమీటర్ల సాళ్లలో, మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్లతో వేస్తున్నారు. ఎకరానికి పాతికవేల మొక్కలు. అక్కడ కావలసింది 160, చక్రాలు నిలిచే మెట్లలో దానికి దగ్గరిది 64 అంగుళాలు. మామూలు పత్తికి 72 మీద పెట్టిన బండిని యథాలాపంగా ఈ చేలోకి దింపితే మొక్కకూ చక్రానికీ మధ్య ఖాళీ తగ్గిపోతుంది. ఎకరం పక్కనే ఎకరం ఉన్నా, పైరు పేరు ఒకటే అయినా లెక్క వేరు. 120 సెంటీమీటర్ల సాళ్లు అన్నిటికన్నా ఇబ్బంది పెడతాయి. ఒక సాలు కడుపు కింద పెడదామంటే 120 మరీ ఇరుకు, చాలా బండ్లకు చక్రాలు అంత దగ్గరికి రావు. రెండు పెడదామంటే 240, అంత దూరం పోవు. అక్కడ సాళ్ల నడుమనే దూరి పోయే మినీ ట్రాక్టరు పిలిపించుకోవాలి. అది మీ ఊళ్లో దొరకదనుకుంటే 120 దూరం ఎంచుకోకముందే ఆలోచించాలి.

ఎత్తు సంగతి కూడా మరవకండి. మామూలు ట్రాక్టరు కడుపు కింద నేలకు ఉండే ఖాళీ అడుగున్నర లోపే. పైరు అంతకు మించి పెరిగాక వెడల్పు ఎంత సరిగా ఉన్నా పైకొమ్మలు విరుగుతాయి. సాళ్ల మీదికి ఎక్కించి నడిపే ఏ పనైనా ఆ లోపలే అయిపోవాలి.

సాలు ముందా, చక్రం ముందా

గుర్రాలతో దున్నిన కాలంలో అమెరికా మొక్కజొన్న సాళ్ల మధ్య 40 అంగుళాలకు పైగా వదిలేవాళ్లు. గుర్రం నడవాలి కాబట్టి. అక్కడ మొదట వచ్చిన ట్రాక్టర్లు దుక్కికి పనికొచ్చాయి గానీ, నిలిచిన పైరులో తిరగలేకపోయాయి. 1924లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తెచ్చిన ఫార్మాల్ ఆ చిక్కు విప్పింది. దాని ముందు చక్రాలు రెండూ దగ్గర దగ్గరగా రెండు సాళ్ల నడిమి సందులో పోతాయి, వెనకవి దూరంగా ఉంటాయి. 1934లో జాన్ డీర్ మోడల్ ఏ వచ్చింది. అందులో వెనక చక్రాలను ఇరుసు మీద అటూ ఇటూ జరుపుకునే వీలు పెట్టారు. 1939లో హ్యారీ ఫెర్గూసన్, ఫోర్డు కలిసి చేసిన 9ఎన్ ట్రాక్టరులో ఇంకా చవకైన ఉపాయం ఉంది. ఇరుసు కదలదు. చక్రం మధ్యలోని డిస్కును, బయటి రిమ్మును తిరగేసి బిగిస్తే 48 అంగుళాల నుంచి 76 అంగుళాల దాకా నాలుగేసి అంగుళాల చొప్పున ఎనిమిది మెట్లు వస్తాయి. ఫెర్గూసన్ వారసత్వం మాసీ ఫెర్గూసన్ పేరుతో 1960లో మద్రాసులో మొదలైన టాఫే ద్వారా మన చేలకు చేరింది. ఇవాళ మన ఊళ్లలో తిరిగే బండ్లలో చాలావాటికి, కంపెనీ ఏదైనా, ఇలాంటి ఏర్పాటే ఉంది. అంకెలు మోడల్‌ను బట్టి మారతాయి. బండితో ఇచ్చిన పుస్తకంలో బొమ్మలతో సహా ఉంటాయి.

ఇంత ఏర్పాటు చేతిలో ఉండి, షోరూములో ఏ వెడల్పు మీద కొన్నారో పదేళ్లయినా అదే వెడల్పు మీద తిరిగే బండ్లు ఎన్నో. ఎండాకాలమంతా ఇటుకలు, ఇసుక, నీళ్ల ట్యాంకరు లాగే బండికి రోడ్డు మీద ఇరుకు వెడల్పే అనుకూలం. జూన్ రాగానే అదే బండి అలాగే చేలోకి దిగుతుంది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. మార్చమని అడిగినవాళ్లు లేరు.

సాళ్ల దూరం ఎంత ఉండాలో తెలుసుకునే విషయంలో చాంద్రాయణగుట్టలో ఉండేవాళ్లకు ఉన్నంత సౌకర్యం ఊళ్లో ఉండేవాళ్లకు కూడా లేదు. చౌరస్తా నుంచి ఆరాంఘర్ వైపు వెళ్తే రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. వాళ్లు వేసే వ్యవసాయ పంచాంగంలో ఏ పైరుకు, ఏ నేలకు సాళ్ల దూరం ఎంతో రాసి ఉంటుంది. ఇటు కంచన్‌బాగ్, మిధాని మీదుగా సంతోష్‌నగర్ వెళ్తే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది, అందరూ క్రీడా అంటారు. ట్రాక్టరుతో నడిచే విత్తన యంత్రాల మీద ఏళ్లుగా పనిచేస్తున్న సంస్థ అది. దాని కృషి విజ్ఞాన కేంద్రం హయత్‌నగర్ క్షేత్రంలో ఉంది. రెండు చోట్లా అడిగితే చెప్పే మనుషులున్నారు. ఇంటికి అరగంట దూరంలో ఉన్న విజ్ఞానాన్ని వదిలేసి ఎరువుల దుకాణం కౌంటరు దగ్గర విన్న మాట మీద సాళ్లు వేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంకొంచెం దూరంలో, పటాన్‌చెరులో, 1972లో మొదలైన ఇక్రిశాట్ నల్లరేగడి భూముల కోసం ఒక పద్ధతి తయారుచేసింది. మీటరు వెడల్పు మడి, అరమీటరు కాలువ, కలిపి 150 సెంటీమీటర్లు. చేనంతా అదే వరస. ఎడ్లు, వాటి వెనక ట్రోపికల్టర్ అనే చక్రాల పనిముట్టు ఎప్పుడూ కాలువలోనే నడుస్తాయి. మడి మీద ఎవరి కాలూ, ఏ చక్రమూ పడదు. ఆ మడి మీదే 75 సెంటీమీటర్ల దూరంలో రెండు సాళ్లు వేసుకోవచ్చు, 45 దూరంలో మూడు, 30 దూరంలో నాలుగు. పైరు మారినా చక్రం దారి మారదు. ఆ పనిముట్టు ఖరీదెక్కువై రైతుల్లో నిలవలేదు. 150 మడి ఆలోచన మాత్రం నిలిచింది, ఇప్పుడు ట్రాక్టర్ల వెనక నడుస్తోంది. ఆస్ట్రేలియా గోధుమ రైతులు అదే ఆలోచనను పెద్ద యంత్రాలకు పట్టించి, కోత మిషను సహా అన్నిటి చక్రాలనూ మూడు మీటర్ల మీద పెట్టుకుని ఏటా అవే దారుల్లో నడుపుతారు. చక్రం తొక్కిన నేల గట్టిపడుతుంది, అక్కడ వేరు దిగదు, నీరు ఇంకదు. ఆ గట్టిపడడంలో ఎక్కువ భాగం మొదటిసారి తొక్కినప్పుడే జరిగిపోతుంది. కాబట్టి తొక్కక తప్పని చోటే మళ్లీ మళ్లీ తొక్కడం తెలివి.

మన పత్తి చేలో కూడా ఇది చేసుకోవచ్చు. 90 సాళ్లలో 180 మీద నడిచే బండి ప్రతి దఫా రెండు సాళ్లు జరుగుతుంది. మొదటి దఫాలో కుడి చక్రం నడిచిన సందులోనే తిరుగుదఫాలో ఒక చక్రం నడుస్తుంది. చేనంతా చూస్తే చక్రం పడ్డ సందు ఒకటి, పడని సందు ఒకటి వస్తాయి. సగం సందులు సీజనంతా గుల్లగానే ఉంటాయి. చక్రం పడ్డ సందులో కల్టివేటరు పళ్లలో ఒకటి సరిగ్గా టైరు వెనకే వచ్చేలా బిగిస్తే, అణిగిన నేల వెంటనే పగులుతుంది.

వెనక నుంచి ముందుకు

వ్యవసాయంలో పనులన్నీ వరసగా వస్తాయి. దుక్కి, విత్తనం, పాటు, మందు కొట్టడం, కోత. నిర్ణయాలు మాత్రం తిరగేసి తీసుకోవాలి. ఈ చేలో గడ్డి తీసేది ఎవరు? కూలీలా, ఎడ్లా, ట్రాక్టరా? ట్రాక్టరే అయితే ఏ ట్రాక్టరు? దాని టైరెంత, చక్రాలు ఏ ఏ మెట్ల మీద నిలుస్తాయి? ఆ మెట్లలో నా పైరు దూరానికి సరిపోయేది ఏది? ఇవన్నీ తేలాక అచ్చు తోలించాలి. విత్తనం పడ్డాక సాలును జరపలేం. చక్రాన్ని జరపగలం, అదీ నాలుగంగుళాల మెట్లలోనే.

అచ్చు తోలేటప్పుడే చక్రాలను 180 మీద పెట్టి, గొర్రు పళ్లను నడిమి గీత నుంచి అటూ ఇటూ 45 దగ్గర రెండు, 135 దగ్గర రెండు బిగిస్తే ఒక దఫాకు నాలుగు సాళ్లు పడతాయి. చక్రం జాడ సరిగ్గా రెండు సాళ్ల నడుమ ఉంటుంది. తర్వాతి దఫాకు బండి 360 సెంటీమీటర్లు జరగాలి. రెండు దఫాలు కలిసే చోట పడే సందులోనే తేడా వస్తుంది. అక్కడ 90 బదులు 70 పడితే పాటు చేసేటప్పుడు చక్రానికి చోటుండదు. మార్కరు పెట్టుకోండి. లేదంటే మొదటి మూడు నాలుగు దఫాలకు టేపుతో చూసి డ్రైవరుకు కన్ను కుదిరేలా చేయండి.

ఇప్పుడు మార్చే పని. గట్టిగా, సమంగా ఉన్న నేల చూసుకోండి. వెనక పనిముట్టు విప్పేయండి. బండి గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఎత్తని చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు అడ్డం పెట్టండి. నట్లను చక్రం నేల మీద ఉన్నప్పుడే కొద్దిగా వదులు చేయాలి. పైకెత్తాక బలం పెట్టి తిప్పితే బండి జాకీ మీద ఊగుతుంది. ఎత్తిన వెంటనే ఇరుసు కింద బలమైన కర్ర దిమ్మె ఉండాలి. జాకీని నమ్మి ఎవరూ కింద దూరకూడదు, ఇది పదిమందికి పదిసార్లు చెప్పినా తక్కువే. వెనక టైర్లలో బరువు కోసం నీళ్లు నింపుతారు. వంద లీటర్లకు పైగా నీరున్న చక్రం ఒరిగితే మనిషి ఆపలేడు. ముందు నీళ్లు తీసేయండి, లేదా గొలుసు కట్టి దించండి. ఇనుప బరువులుంటే అవీ విప్పాలి. ఇద్దరికి తక్కువైతే ఈ పని పెట్టుకోవద్దు.

డిస్కును రిమ్ముతో సహా తిరగేస్తే టైరు గట్ల దిశ కూడా తిరగబడుతుంది. అందుకే అలాంటి మార్పులో ఎడమ చక్రాన్ని కుడికి, కుడిదాన్ని ఎడమకు వేస్తారు. బిగించాక బండి వెనక నిలబడి చూడండి. టైరు గట్లు కలిసే మొన పైకి చూస్తుండాలి. కిందికి చూస్తోందంటే చక్రాలు తారుమారయ్యాయి, దుక్కిలో పట్టు దొరకదు. టైరు పక్కన బాణం గుర్తు కూడా ఉంటుంది. నట్లను ఒకదాని పక్కనది వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించుకుంటూ రావాలి. గంట పని చేశాక బండి ఆపి మళ్లీ బిగించాలి. ఈ రెండోసారి బిగింపును వదిలేసినచోటే నట్లు వదులై డిస్కు రంధ్రాలు అరిగిపోతాయి.

వెనకవి మార్చి ముందువి వదిలేయకండి. ముందు ఇరుసు రెండు చివరలా లోపలికి, బయటికి జారే గొట్టాలు, వాటికి బోల్టు రంధ్రాలు ఉంటాయి. రెండు పక్కలా ఒకే సంఖ్యలో రంధ్రాలు జరపాలి. స్టీరింగు రాడ్ల పొడవు పుస్తకంలో చెప్పినట్టు సరిచూడాలి. ముందు చక్రాల ముందు అంచులు కొద్దిగా లోపలికి చూడడం అవసరం. ఎంతన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది కాబట్టి అది మెకానిక్కుకు వదిలేయడమే మంచిది. ముందు టైరు సన్నగా ఉంటుంది, వెనకదానితో రెండు మూడంగుళాలు తేడా ఉన్నా పత్తిలో ఇబ్బంది లేదు.

వెడల్పు ఎంత ఎక్కువైతే అంత మంచిదని మాత్రం అనుకోవద్దు. ఏటవాలు చెలకలో వెడల్పాటి బండి నిలకడగా ఉంటుంది, నిజమే. కానీ రెండు నాగళ్ల ఎంబీ ప్లౌతో లోతు దుక్కి చేసేటప్పుడు వెడల్పు ఎక్కువైతే నాగలి ఒక పక్కకు లాగుతుంది, డ్రైవరు స్టీరింగుతో కుస్తీ పట్టాలి. బరువైన ట్రాలీ లాగేటప్పుడు ఇరుసు మీద, బేరింగుల మీద భారం పెరుగుతుంది. పొలంలో దమ్ముకు కేజీ వీల్సు వేస్తే లెక్క మళ్లీ వేరు. దుక్కి అంతా అయ్యాక, అచ్చు తోలకముందు, ఏడాదికి ఒకసారి మార్చి, కోతల తర్వాత వెనక్కి తెస్తే సరిపోతుంది.

అడిగే తీరు

కిరాయి బండివాళ్లతో ఇక్కడే ఇబ్బంది. మీకోసం ఒక్క పూట చక్రాలు విప్పమంటే ఎవరు ఒప్పుకుంటారు? న్యాయంగా ఆలోచిస్తే ఒప్పుకోనక్కర్లేదు కూడా. అందుకని ఒంటరిగా అడగకండి. మీ చేను చుట్టూ పత్తి వేసే ఐదారుగురితో ముందు మాట్లాడండి. అందరూ 90 సాళ్లే వేస్తే, అందరి పాటు పనీ ఒకే బండికి ఇస్తామంటే, ఆ బండి ఓనరుకు మార్చడంలో లాభం కనబడుతుంది. మెకానిక్కు ఖర్చు తలా కొంత వేసుకోవచ్చు. తెలంగాణలో ఏటా 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తున్నాం. 180 మీద నిలబెట్టిన బండికి పని దొరకదన్న భయం అక్కర్లేదు.

మాట తీరు కూడా ముఖ్యం. ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్న మనిషికి పట్నం నుంచి వచ్చి పాఠం చెబుతున్నట్టు మాట్లాడితే ఏ పనీ కాదు. “కాకా, మొన్న పాటులో బండి ఏ పక్క తగిలింది? నువ్వైతే ఎంత మీద పెడితే బాగుంటదంటవ్?” అని అడగండి. సీటు మీద కూర్చున్న మనిషికి కనిపించేది గట్టు మీద మనకు కనిపించదు. అతను చెప్పింది విని, తర్వాత టేపు అతని చేతికే ఇవ్వండి. అంకె అతని నోటితో వస్తే ఆ పని అతనిదవుతుంది.

ఆ అంకెను రాసి పెట్టుకోండి. బండి మడ్‌గార్డు లోపలివైపు పెయింటుతో రాయించండి, మీ ఫోన్లోనూ రాసుకోండి. బండి నంబరు, టైరు సైజు, ఇప్పుడున్న వెడల్పు, ఏ పైరుకు పెట్టారు, ఏ తేదీన. వచ్చే ఏడాది డ్రైవరు మారినా, బండి మారినా మళ్లీ మొదటికి రాకుండా ఉంటుంది. సేద్యంలో నాన్నల తరం చాలా కొలతలను అరచేతితో, అడుగుతో గుర్తుపెట్టుకుంది. ఎందుకంటే వాళ్లు రోజూ చేలో ఉన్నారు. వారానికొకసారి వెళ్లేవాళ్లకు జ్ఞాపకం చాలదు, రాత కావాలి.

ఇదంతా మే నెలలోనే ముగించండి. మృగశిర కార్తె వచ్చి మొదటి వాన పడిందంటే మెకానిక్కుకు ఖాళీ ఉండదు, బండికి తీరిక ఉండదు, ఎవరి పదును వాళ్లు పోగొట్టుకోకూడదని పరుగులు పెడతారు. ఆ రోజుల్లో చక్రం విప్పమని ఎవర్నీ అడగలేరు.